పైకప్పు కిందికి వచ్చిన ఆట

ఈసారి పాఠశాల సంచికకి చరిత్ర వ్యాసం రాయమని మా సాంఘిక శాస్త్రం మేడమ్ చెప్పినప్పుడు మా తొమ్మిదో తరగతిలో అందరూ ముందే విషయాలు పంచేసుకున్నారు. ఒకరు నంది కొండ అన్నారు. ఒకరు ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారి గురించి అన్నారు. చింతామణి నుంచి వచ్చే అమ్మాయి కైవారం తాతయ్య గురించి రాస్తానంది. నా వంతు వచ్చేసరికి "నేను ఒక ఆట చరిత్ర రాస్తాను మేడమ్" అన్నాను. "క్రికెట్టా?" అని అడిగారు. "కాదు మేడమ్, బౌల్స్" అన్నాను. క్లాసంతా ఘొల్లుమని నవ్వింది. బౌల్స్ అంటే అన్నం తినే గిన్నెలని అనుకున్నారు.

ఆ నవ్వుకి జవాబే ఈ వ్యాసం.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది బాగేపల్లి తాలూకాలో ఒక చిన్న ఊరు. అయిదో తరగతి వరకు నేను మా వీధిలో గోలీలు బాగా ఆడేదాన్ని. మా తమ్ముడి కన్నా, వాడి స్నేహితుల కన్నా నా గురి మేలు. ఆరో తరగతికి ముందు ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు వేపచెట్టు కింద ఆడుతుంటే మా అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది. "ఎదిగిన ఆడబిడ్డవి, ఈదిలో కూచోని గోలీలేందే?" అంది. నా గోలీల డబ్బా తమ్ముడికి ఇచ్చేసింది. వాడు ఇప్పటికీ ఆడుతున్నాడు. నేను కిటికీలోంచి చూస్తుంటాను.

ఆ ఏడాదే, 2022 ఆగస్టులో, చింతామణిలో మా మామ వాళ్ళ ఇంట్లో ఉన్నాను. మామ ఫోన్‌లో వార్తలు చూస్తూ "ఇదేందమ్మీ, మీ గోలీలాట మాదిరే ఉందే! దీనికి బంగారు పతకం ఇచ్చినారు చూడు" అని నాకు చూపించాడు. పచ్చిక మీద నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె వంగి నల్లని బంతి దొర్లించింది. అది నేరుగా పోకుండా వంపు తిరిగి, దూరంగా ఉన్న ఒక చిన్న తెల్ల బంతి పక్కన పోయి ఆగింది. నలుగురూ ఎగిరి కౌగిలించుకున్నారు. వాళ్ళ చొక్కాల మీద ఇండియా అని ఉంది. అప్పటి నుంచి ఈ ఆట గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ఆట ఎట్లాంటిదో ముందు చెప్తాను. జాక్ అనే చిన్న బంతిని మొదట దూరంగా దొర్లిస్తారు. అదే గురి. తర్వాత రెండు పక్షాలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పెద్ద బంతుల్ని దాని వైపు దొర్లిస్తారు. పెద్ద బంతి ఒకటిన్నర కిలో దాకా బరువుంటుంది. అందరి బంతులూ అయిపోయాక జాక్‌కి ఎవరి బంతి దగ్గరగా ఉందో చూస్తారు. ఎదుటి పక్షం బంతుల్లో అన్నిటికన్నా దగ్గరిదాని కంటే మన బంతులు ఎన్ని ఇంకా దగ్గరగా ఉంటే మనకి అన్ని పాయింట్లు. దీన్ని ఒక ఎండ్ అంటారు. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి ఆడతారు.

వినడానికి సులువే. అసలు చిక్కంతా బంతిలోనే ఉంది. అది సరిగ్గా గుండ్రంగా ఉండదు. ఒక పక్క కాస్త ఎక్కువ చెక్కినట్టు ఉంటుంది. అందుకే వేగంగా పోయేటప్పుడు దాదాపు నేరుగా పోయి, వేగం తగ్గేకొద్దీ ఆ పక్కకి ఒరుగుతుంది. అర్థం కాకపోతే ఇంట్లో ఒక స్టీలు గ్లాసుని నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. అడుగు సన్నంగా, మూతి వెడల్పుగా ఉంటుంది కాబట్టి అది నేరుగా పోదు, అడుగు వైపుకి తిరుగుతుంది. బౌల్స్ బంతిలో ఈ తేడా చాలా కొంచెమే ఉంటుంది. కాబట్టి జాక్ మీదికి నేరుగా గురి పెట్టినవాళ్ళు తప్పకుండా తప్పుతారు. పక్కకి వేసి, అది తిరిగి వచ్చే దారిని మనసులో ముందే గీసుకోవాలి.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ ఊరిలో ఒక బౌల్స్ మైదానం ఉంది. 1299 నుంచి అక్కడ ఆడుతున్నారని చెప్తారు. ప్రపంచంలో ఇదే అన్నిటికన్నా పాతదని వాళ్ళ గొప్ప. 1588లో స్పెయిన్ యుద్ధనౌకలు మీదికి వస్తున్నాయని తెలిసినా, ఫ్రాన్సిస్ డ్రేక్ అనే నౌకాధిపతి ప్లిమత్‌లో బౌల్స్ ఆడుతూ, ఆట ముగించాకే కదిలాడని ఒక కథ కూడా ఉంది. అది కథే కావచ్చు గానీ ఇంగ్లండ్ పిల్లలందరికీ తెలుసు.

నన్ను ఆపేసింది ఈ కథ కాదు, దానికి ముందు వచ్చిన ఒక చట్టం. 1541లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో పనివాళ్ళు, చేతివృత్తులవాళ్ళు, నౌకర్లు బౌల్స్ ఆడకూడదని చట్టం చేశారు. క్రిస్మస్ పండగ రోజుల్లో మాత్రం, అదీ యజమాని ఇంట్లో, యజమాని కళ్ళ ముందే ఆడొచ్చు. సొంత భూములున్న ధనవంతులు మాత్రం అనుమతి తీసుకుని తమ తోటల్లో ఎప్పుడైనా ఆడుకోవచ్చు. జనం ఆటల్లో పడి విలువిద్య మర్చిపోతారని రాజుగారి భయం. ఈ చట్టాన్ని పూర్తిగా తీసేసింది 1845లో. అంటే 304 ఏళ్ళు! బంతి అదే, నేల అదే, ఆట అదే. ఆడే మనిషి ఎవరన్నదే తప్పయింది. ఇది చదివినప్పుడు నాకు మా వీధి వేపచెట్టు గుర్తొచ్చింది.

చట్టం పోయిన కొద్ది ఏళ్ళకే ఆట మారిపోయింది. స్కాట్లాండ్‌లో గ్లాస్గోకి చెందిన డబ్ల్యూ. డబ్ల్యూ. మిచెల్ 1849లో అందరికీ ఒకే నియమాలు రాసి పెట్టాడు. అంతకుముందు ఊరికొక పద్ధతి ఉండేది. మన గోలీలకి ఇప్పటికీ అంతే కదా, మా ఊరి లెక్క వేరు, పక్క ఊరి లెక్క వేరు. నియమాలు ఒకటైతే ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరికి పోయి ఆడొచ్చు. పోటీలు అట్లనే పుడతాయి.

కానీ ఒక ఇబ్బంది మిగిలింది. అదే వాన, చలి. ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లలో చలికాలం పచ్చిక మీద ఆడలేరు. చీకటి తొందరగా పడుతుంది, నేల చిత్తడిగా ఉంటుంది. ఏడాదిలో సగం రోజులు బంతులు పెట్టెలోనే. అప్పుడు వచ్చినవాడు డబ్ల్యూ. జి. గ్రేస్. క్రికెట్ తెలిసినవాళ్ళకి ఈ పేరు తెలుసు. పొడుగు గడ్డంతో ఉండే డాక్టరు, ఇంగ్లండ్ క్రికెట్‌లో పెద్ద మొనగాడు. యాభై దాటిన వయసులో ఆయన బౌల్స్ ఆటలోకి వచ్చి, 1903లో ఏర్పడిన ఇంగ్లిష్ బౌలింగ్ సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. తర్వాత లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద అద్దాల భవనంలో తివాచీ పరిపించి, చలికాలంలో పైకప్పు కింద బౌల్స్ ఆడించాడు.

క్రిస్టల్ ప్యాలెస్ ఎట్లుండేదో ఊహించుకోవాలంటే కష్టపడక్కర్లేదు. బెంగళూరు లాల్‌బాగ్‌కి విహారయాత్ర పోయినప్పుడు పూల ప్రదర్శన జరిగే గాజుమందిరం చూశాం కదా! 1889లో పునాది వేసిన ఆ మందిరాన్ని లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనాగానే కట్టారు. అసలుది 1936లో మంటల్లో కాలిపోయింది. మన దగ్గర ఉన్నది ఇంకా నిలబడి ఉంది. అట్లాంటి అద్దాల కప్పు కింద తివాచీ మీద తాతలు బంతులు దొర్లిస్తున్నట్టు ఊహించుకోండి. లోపలి బౌల్స్, అంటే ఇండోర్ బౌల్స్, అట్లాంటి చోట్లే ఎదిగింది.

పైకప్పు కిందికి వచ్చాక ఆటలో చాలా మారింది. గాలి లేదు, వాన లేదు. పచ్చికలా ఒక చోట మెత్తగా, ఒక చోట గట్టిగా ఉండదు. తివాచీ అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి తప్పు జరిగితే నేల మీద నెపం వేయలేం. రాత్రి కూడా ఆడొచ్చు. పగలు పనికి పోయినవాళ్ళు సాయంత్రం వచ్చి ఆడొచ్చు. ముసలివాళ్ళు చలికి భయపడక్కర్లేదు. ఒకప్పుడు పనివాళ్ళు ఆడకూడదన్న ఆట, పని ముగిశాక ఆడే ఆట అయింది.

దీనికి ప్రపంచ పోటీ రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మొదటి ప్రపంచ ఇండోర్ బౌల్స్ పోటీ 1979లో గ్లాస్గో దగ్గరి కోట్‌బ్రిడ్జ్ అనే ఊరిలో జరిగింది. గెలిచినవాడు ఇంగ్లండ్‌కి చెందిన డేవిడ్ బ్రయంట్. నోట్లో పైపు పెట్టుకుని ఆడేవాడట. 1980లోనూ, 1981లోనూ ఆయనే గెలిచాడు. తర్వాత పోటీ ప్రెస్టన్ నగరానికి, అక్కడి నుంచి 1999లో ఇంగ్లండ్ తూర్పు తీరంలో హాప్టన్ అనే సముద్రపు ఊరికి మారింది. అక్కడ పాటర్స్ అనే విడిది కేంద్రంలో జనవరి నెలలో, బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు, లోపల నీలం తివాచీ మీద ఆట సాగుతుంది. స్కాట్లాండ్‌కి చెందిన అలెక్స్ మార్షల్ ఈ పోటీలో సింగిల్స్ 6 సార్లు గెలిచాడు.

ఇక్కడ మీరు ఒకటి గమనించారా? ఇప్పటిదాకా నేను చెప్పిన పేర్లన్నీ మగవాళ్ళవే. చట్టం పనివాళ్ళని వదిలేసినా, ఆట ఆడవాళ్ళని లోపలికి రానివ్వడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కామన్వెల్త్ క్రీడలు 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలయ్యాయి. మొదటిసారి నుంచే బౌల్స్ ఉంది. 1966లో ఒక్కసారి తప్ప ఎప్పుడూ మానలేదు. కానీ ఆడవాళ్ళకి బౌల్స్ పోటీ పెట్టింది 1982లో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ క్రీడల్లో. అంటే 52 ఏళ్ళ తర్వాత. ఇండోర్ ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ళ సింగిల్స్ 1988లో వచ్చింది. పరుగెత్తే ఆట కాదు, గుద్దుకునే ఆట కాదు. వంగి బంతి దొర్లించే ఆటలో ఆడవాళ్ళకి చోటు ఇవ్వడానికి అన్నేళ్ళు ఎందుకు? నాకు దొరికిన జవాబు ఒక్కటే. అడ్డం ఆటలో లేదు, అలవాటులో ఉంది.

ఇక 2022కి వద్దాం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు. బౌల్స్ మాత్రం లెమింగ్టన్ స్పా అనే ఊరిలోని విక్టోరియా పార్కులో జరిగింది. అక్కడ పైకప్పు లేదు, పచ్చికే. ఈ ఆటలో అప్పటివరకు మన దేశానికి కామన్వెల్త్‌లో ఒక్క పతకమూ లేదు. మన ఆడవాళ్ళ ఫోర్స్ జట్టులో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపా రాణీ తిర్కీ ఉన్నారు. లవ్లీ చౌబే జార్ఖండ్ పోలీసు శాఖలో కానిస్టేబుల్. పింకీ ఢిల్లీలో ఒక పాఠశాలలో పీటీ టీచర్. నయన్‌మోని అస్సాం నుంచి, రూపా రాణీ రాంచీ నుంచి వచ్చారు.

నలుగురిలో ఎవరూ చిన్నప్పటి నుంచి బౌల్స్ ఆడినవాళ్ళు కాదు. లవ్లీ పరుగు పందాల్లో ఉండేది. పింకీ క్రికెట్ ఆడేది. నయన్‌మోని బరువులు ఎత్తేది. రూపా రాణీ కబడ్డీ ఆడేది. గాయాల వల్ల పాత ఆట వదిలినవాళ్ళూ ఉన్నారు. పతకం గెలిచేనాటికి నలుగురూ ముప్పై దాటినవాళ్ళే.

సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద మొదట 0-5తో వెనకబడ్డారు. అది ఈ ఆటలో ఎన్నో పతకాలున్న దేశం. అయినా మనవాళ్ళు 16-13తో గెలిచారు. ఆగస్టు 2న ఫైనల్. దక్షిణాఫ్రికా మీద మొదట 8-2తో ముందుకు పోయారు. తర్వాత దక్షిణాఫ్రికా పుంజుకుని 10 పాయింట్ల దాకా వచ్చేసింది. అక్కడి నుంచి మనవాళ్ళు వాళ్ళకి ఇంకొక్క పాయింటు కూడా ఇవ్వలేదు. 17-10తో బంగారం. నాలుగు రోజుల తర్వాత మన మగవాళ్ళ ఫోర్స్ జట్టు కూడా వెండి పతకం తెచ్చింది. కానీ దారి తీసింది ముందు ఆ నలుగురు ఆడవాళ్ళు. మా మామ ఫోన్‌లో నేను చూసింది వాళ్ళనే.

ఇప్పుడు ఈ చరిత్ర మళ్ళీ గ్లాస్గోకే పోతోంది. 2026 జులై 23 నుంచి ఆగస్టు 2 వరకు కామన్వెల్త్ క్రీడలు అక్కడ జరగాల్సి ఉంది. 2014లో అదే నగరంలో బౌల్స్ బయట పచ్చిక మీద ఆడారు. ఈసారి లోపల, పైకప్పు కింద ఆడతారు. కామన్వెల్త్ క్రీడల్లో ఇట్లా జరగడం ఇదే మొదటిసారి. వికలాంగుల కోసం పారా బౌల్స్ కూడా ఉంది. చూపు సరిగా లేనివాళ్ళకి పక్కన ఒకరు నిలబడి జాక్ ఎక్కడుందో, బంతి ఎక్కడ ఆగిందో చెప్తారు. ఎవరు ఆడొచ్చు అన్న వరుసలో ఒక్కొక్కరే చేరుతూ వస్తున్నారు.

మరి చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉన్న మనకి దీంతో ఏం పని అని అడగొచ్చు. నేను రెండు సంగతులు చెప్తాను.

మొదటిది నీళ్ళు. పచ్చిక మైదానం పెంచాలంటే రోజూ నీళ్ళు పెట్టాలి. మా వైపు బోరు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని చోట్లున్నాయి. పంటకే లేని నీళ్ళు గడ్డికి ఎవరు పోస్తారు? లోపలి ఆటకి నీళ్ళు అక్కర్లేదు. షార్ట్ మ్యాట్ బౌల్స్ అని చిన్న రకం కూడా ఉంది. 40 నుంచి 45 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు తివాచీ చాలు. ఇంగ్లండ్, ఐర్లాండ్ పల్లెల్లో ఊరి హాల్లో ఆ చాప పరిచి ఆడి, మళ్ళీ చుట్టి మూలన పెట్టేస్తారు. మన బడి ప్రార్థన హాలు అంతకన్నా పొడవే. నేను అడుగులతో కొలిచాను.

రెండోది మా ఆడపిల్లల సంగతి. మా తరగతిలో హోబళి ఆటలపోటీలకి పోయే అమ్మాయిలు ఏడో తరగతిలో 9 మంది ఉండేవాళ్ళం. ఇప్పుడు ముగ్గురే. కాళ్ళు నొప్పులు పుట్టి మానలేదు. "ఎస్సెస్సెల్సీ వస్తోంది", "ఎదిగిన పిల్ల", "ఎండకి నల్లబడతావు" అని ఇంట్లో మాన్పించారు. ఎండ సంగతి అయితే పైకప్పు ఉంది. ఎదిగిన సంగతి అయితే లవ్లీ చౌబే, పింకీ వాళ్ళు నాకన్నా రెండింతల పైగా ఎదిగినవాళ్ళు.

ఈ వ్యాసం రాస్తున్నప్పుడు పీటీ సారుని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, శనివారం ఆఖరు పీరియడ్‌లో హాల్లో జంఖానాలు పరవనిచ్చారు. అసలు బంతులు మన దగ్గర లేవు. రబ్బరు బంతులకి ఒక పక్క సైకిల్ ట్యూబు ముక్క అంటించాం. కొన్ని వంపు తిరిగాయి, కొన్ని తిక్కతిక్కగా పోయాయి. జాక్ స్థానంలో ఒక పెద్ద గోలీ పెట్టాం. అది నా పాత డబ్బాలోది. తమ్ముడు అడగ్గానే ఇచ్చేశాడు. మొదటి వారం నలుగురం, మూడో వారం పదకొండు మందిమి ఆడాం.

ఇంట్లో అవ్వకి ఈ సంగతంతా చదివి వినిపించాను. రాజుగారి చట్టం దగ్గర "మూడు నూర్ల యేండ్లా!" అని నోరెళ్ళబెట్టింది. చివరికి మాత్రం "బడిలో అయితే ఆడుకో, ఈదిలో వద్దు" అంది. అవ్వ మనసు పూర్తిగా మారలేదు. అయినా ఒక అడుగు ముందుకు వచ్చింది కదా అనుకున్నాను.

ఈ సంచికని మా అమ్మానాన్నలు, మీ అమ్మానాన్నలు కూడా చదువుతారు కాబట్టి వాళ్ళనే అడుగుతున్నాను. మీ అమ్మాయిల చేతిలోంచి ఆట తీసుకున్న రోజు మీకు గుర్తుందా? గుర్తుంటే, శనివారం ఆఖరు పీరియడ్ వరకైనా తిరిగి ఇవ్వండి. హాలు తలుపు తీసే ఉంటుంది. జంఖానా పరచడానికి మేమున్నాం.